ఐడీఏ జీడిమెట్లకి ఐడీఏ రెజిన్: ప్లేటింగ్ షెడ్డు నీళ్లలో ఇది దేన్ని పడుతుంది, దేన్ని వదిలేస్తుంది

హైదరాబాద్‌లో ఐడీఏ అంటే పారిశ్రామికవాడ. ఐడీఏ జీడిమెట్ల, ఐడీఏ నాచారం, ఐడీఏ చర్లపల్లి. కెమిస్ట్రీలో ఐడీఏ వేరు: ఇమినోడైఎసిటిక్ యాసిడ్. పాలిస్టైరీన్ గింజలకి ఆ గ్రూపును అతికిస్తే వచ్చే రెజిన్‌ని ప్లేటింగ్ షెడ్లకి (లోహపు పూత వేసే చోట్లకి) ‘హెవీ మెటల్ రెజిన్’ అని అమ్ముతారు. లెవాటిట్ టీపీ 207, ప్యూరోలైట్ ఎస్ 930, ట్యుల్సియన్ సీహెచ్-90... పేర్లు ఏవైనా లోహాన్ని పట్టే గ్రూపు ఒకటే. గింజ సైజులోనూ గట్టిదనంలోనూ తేడాలుంటాయి గానీ, ఇక్కడ చెప్పేది మూడింటికీ వర్తిస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తాం. సున్నం, కాస్టిక్ సోడా వేసి లోహాన్ని బురదగా దింపి, ఫిల్టర్ చేసిన తర్వాత మిగిలిన చివరి రెండు మూడు మిల్లీగ్రాముల కోసమైతే ఇది డబ్బుకు తగ్గ సరుకు. ఈటీపీ (వ్యర్థ జలాలు శుద్ధి చేసే ప్లాంటు) బదులు ఇదొక్కటే పెట్టుకుందాం అనుకుంటే దండగ. రిన్స్ నీళ్లలో (పూత వేశాక సరుకు కడిగిన నీళ్లలో) సైనైడో, ఈడీటీఏనో (రెండూ లోహాన్ని వదలకుండా పట్టుకునే రసాయనాలు) ఉంటే అసలు కొనకండి.

‘హెవీ మెటల్ రెజిన్’ అన్న పేరులోనే మొదటి పొరపాటు ఉంది. రెజిన్ దగ్గర త్రాసు లేదు. సీసం పరమాణు భారం 207, రాగిది 63.5. అయినా ఈ గింజ ముందు రాగినే పడుతుంది. తయారీదారుల షీట్లలో వరస ఇలా ఉంటుంది: అన్నిటికంటే ముందు రాగి, దాని తర్వాత సీసం, నికెల్, జింక్, కాడ్మియం, ఫెర్రస్ ఇనుము, మాంగనీస్, చాలా కింద కాల్షియం, మెగ్నీషియం, అట్టడుగున సోడియం. ఈ వరస బరువుతో రాలేదు. లోహం ఏ పరమాణువు పక్కన కుదురుకుంటుందన్న దానితో వచ్చింది.

ఐడీఏ గ్రూపులో పట్టు మూడు చోట్ల ఉంటుంది: నడుమ ఒక నైట్రోజన్, అటూ ఇటూ ఒక్కో కార్బాక్సిల్ ఆక్సిజన్. లోహం వచ్చి కూర్చుంటే అయిదేసి పరమాణువుల వలయాలు రెండు ఏర్పడతాయి. ఇలాంటి పట్టుకి ‘కీలేట్’ అని 1920లో పేరు పెట్టారు. గ్రీకులో పీత డెక్క అని అర్థం. రాగి, నికెల్ లాంటివి నైట్రోజన్‌నీ ఆక్సిజన్‌నీ రెండిటినీ ఇష్టపడతాయి కాబట్టి మూడు చోట్లా పడతాయి. కాల్షియానికి నైట్రోజన్ మీద ఆసక్తి లేదు. దానికి కావలసింది ఆక్సిజనే, కాబట్టి పైపైన అంటుకుని, గట్టి పోటీ రాగానే లేచిపోతుంది. పాదరసం సంగతి ఇంకోటి. దానికి గంధకం కావాలి. 1963లో పియర్సన్ అనే రసాయన శాస్త్రవేత్త ‘గట్టి, మెత్తని’ ఆమ్లక్షారాలు అని చేసిన విభజన సారం ఇదే. మాంగనీస్ నుంచి రాగి దాకా పట్టు పెరుగుతూ వచ్చి జింక్ దగ్గర తగ్గడాన్ని ఇర్వింగ్, విలియమ్స్ అంతకు ముందే, 1953 నాటికి, వరసపెట్టి చూపించారు.

అంకెల్లో చూస్తే ఇంకా తెలుస్తుంది. గింజ మీద కాకుండా నీళ్లలో విడిగా ఉన్న ఐడీఏకి ఒక్కో లోహంతో ఉండే బంధ స్థిరాంకం లాగరిథమ్‌లో: రాగికి 10.6, నికెల్‌కి 8.1, సీసానికి 7.4, జింక్‌కి 7.2, కాడ్మియానికి 5.7, కాల్షియానికి 2.6. ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు. రాగికీ కాల్షియానికీ 8 అంకెల తేడా, అంటే పది కోట్ల రెట్లు. గింజ మీద గ్రూపులు బిగించి ఉంటాయి కాబట్టి ఈ అంకెలు అచ్చంగా దిగవు. పైన నికెల్ సీసం కంటే ముందుంటే, షీట్లో సీసం ముందు ఉండడం గమనించే ఉంటారు. కానీ పెద్ద తేడాలు నిలబడతాయి. డబ్బు పెట్టేది ఆ పెద్ద తేడాకే.

హైదరాబాద్‌లో ఆ తేడా ఎందుకు అవసరమో ఒక లెక్క చూడండి. ఇక్కడి బోర్లు రాతినేలలో పడతాయి, నీళ్లు గట్టివి. హార్డ్‌నెస్ లీటరుకు 400 మిల్లీగ్రాములు ఉన్న బోరు నీళ్లతో రిన్స్ చేస్తున్నారనుకోండి. అందులో కాల్షియం, మెగ్నీషియం కలిపి లీటరుకు 8 మిల్లీ ఈక్వివలెంట్లు (బరువు కాదు, అయాన్ల ఆవేశం లెక్కన కొలత). ఫిల్టర్ దాటిన నీళ్లలో నికెల్ 3 మిల్లీగ్రాములు మిగిలితే అది 0.1 మిల్లీ ఈక్వివలెంట్ మాత్రమే. అంటే ఒక నికెల్‌కి ఎనభై మంది పోటీదారులు. నీళ్ల గట్టిదనం తీసే మామూలు సాఫ్ట్‌నర్ రెజిన్ 40 లీటర్లు పెట్టి రోజుకి 5,000 లీటర్లు పంపితే, లీటరు రెజిన్ ఒక ఈక్వివలెంట్ పని చేస్తుందనుకున్నా, అది ఒక్క రోజులో కాల్షియంతో నిండిపోతుంది. అదే 40 లీటర్ల ఐడీఏ రెజిన్ కాల్షియాన్ని పక్కకి నెట్టి నికెల్‌ని దాచుకుంటుంది. రోజుకి వచ్చే నికెల్ 15 గ్రాములు. లీటరు రెజిన్‌కి 20 గ్రాముల చొప్పున వేసుకుంటే 800 గ్రాములు, అంటే సుమారు 53 రోజులు. ధర సాఫ్ట్‌నర్ రెజిన్ కంటే కొన్ని రెట్లు ఎక్కువైనా ఒప్పుకోవచ్చనేది ఇందుకే.

ఆ 20 గ్రాముల అంకె కావాలనే తగ్గించి వేసింది. షీట్ మీద మొత్తం కెపాసిటీ లీటరుకు 2 ఈక్వివలెంట్ల చుట్టూ ఉంటుంది. నికెల్ లెక్కన అది 58 గ్రాములు. డీలర్ ఆ 58 చూపించి కాలమ్ (రెజిన్ పోసే నిలువు ట్యాంకు) సైజు చెబుతాడు. నడిచే నీళ్లలో అందులో సగం వస్తే బాగా వచ్చినట్టు. ఇదే 40 లీటర్ల రెజిన్‌కి ఈటీపీ లేకుండా లీటరుకు 100 మిల్లీగ్రాముల నికెల్ ఉన్న రిన్స్ నేరుగా ఇస్తే రోజుకి 500 గ్రాములు వస్తుంది, ఒకటిన్నర రోజులో పని అయిపోతుంది. రోజు విడిచి రోజు యాసిడ్ పోస్తూ కూర్చోవాలి. ‘రెజిన్ పని చెయ్యట్లేదు’ అన్న ఫిర్యాదుల్లో పెద్ద భాగం ఈ లెక్క వెయ్యకపోవడం వల్ల వచ్చేవే.

పెట్టె విషయం. రాణిగంజ్‌లో దొరికే ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ ప్లాస్టిక్) వెసెల్స్‌లో 10 బై 54 అంగుళాల సైజు ఈ పనికి సరిపోతుంది. లోపల దాదాపు 65 లీటర్ల చోటు. చాలామంది అందులో 50 లీటర్లు, రెండు బస్తాలు, పోసేస్తారు. అలా చెయ్యొద్దు. ఈ రెజిన్ యాసిడ్ రూపం నుంచి పూర్తి సోడియం రూపానికి వెళ్తే మూడో వంతు దాకా ఉబ్బుతుంది, పైగా బ్యాక్‌వాష్‌లో (కింది నుంచి నీళ్లు పంపి కడిగేటప్పుడు) లేవడానికి ఖాళీ కావాలి. 40 లీటర్లు పోస్తే బెడ్ (గింజల పొర) లోతు సుమారు 80 సెంటీమీటర్లు వస్తుంది, పైన అరమీటరు పైచిలుకు ఖాళీ ఉంటుంది. 80 కంటే తక్కువ లోతు కూడా పనికిరాదు, నీళ్లు గింజల మధ్య దారి చేసుకుని జారిపోతాయి. వేగం గంటకి 400 నుంచి 500 లీటర్లు, అంటే రెజిన్ పరిమాణానికి పది పన్నెండు రెట్లు. ఒకే కాలమ్ కాకుండా రెండు వరసగా పెట్టండి. ముందుది నిండి జారవిడిచింది వెనకది పడుతుంది. ముందుదాన్ని కడిగాక వెనక్కి మార్చాలి.

రెజిన్ దాకా వచ్చే నీళ్లని ఎలా తయారు చెయ్యాలన్న దగ్గరే ఎక్కువ మంది తప్పటడుగు వేస్తారు. నికెల్ హైడ్రాక్సైడ్‌గా బాగా దిగేది పీహెచ్ 10 దాటాక. మూడు వేలెన్సీల క్రోమియం 7.5, 8 దగ్గరే దిగుతుంది, ఇంకా పైకి పోతే మళ్లీ కరుగుతుంది. జింక్ 9 పైన దిగి, బాగా పెంచితే కరుగుతుంది. అన్నీ ఒకే ట్యాంకులో పోస్తే ఏదో ఒకటి మిగలక తప్పదు. ఆ మిగిలినదే రెజిన్ పని. కానీ రెజిన్ అయాన్‌ని పడుతుంది, తేలే బురద తునకల్ని పట్టదు. పీహెచ్ 10 నీళ్లు అలాగే పంపితే సన్నని హైడ్రాక్సైడ్ తునకలు గింజల మధ్య నుంచి అవతలికి పోతాయి, కొన్ని బెడ్ పైన పేరుకుంటాయి. సరే అని ఫిల్టర్‌కి ముందే యాసిడ్ వేసి పీహెచ్ దించితే, ఆ తునకలు కరిగి లోహమంతా తిరిగి నీళ్లలో చేరుతుంది. 53 రోజులు రావలసిన బెడ్ వారానికే నిండుతుంది. వరస ఇదీ: దింపడం, తేర్చడం, ఇసుక ఫిల్టర్, ఆ తర్వాతే పీహెచ్ 5 నుంచి 6కి దించడం, కార్బన్ ఫిల్టర్, చివరికి రెజిన్. కార్బన్ రెండు పనులు చేస్తుంది: నూనె, బ్రైట్‌నర్ (పూతకి మెరుపు తెచ్చే రసాయనం) అవశేషాలు గింజల మీద పొరలా కట్టకుండా ఆపుతుంది, నల్లా నీళ్లు కలిసి ఉంటే వాటిలోని క్లోరిన్‌ని విరిచేస్తుంది. క్లోరిన్ పాలిమర్‌ని మెల్లగా తినేస్తుంది.

పీహెచ్ 5, 6 అని ఎందుకంటే, హైడ్రోజన్ కూడా ఒక పోటీదారే. పీహెచ్ 2 దగ్గర రాగి ఇంకా నిలబడుతుంది గానీ నికెల్, జింక్ నిలబడవు, నైట్రోజన్ మీద ప్రోటాన్ కూర్చుని ఉంటుంది. 8 దాటితే కాల్షియం బలం పుంజుకుంటుంది. నడిమధ్యలో నడపాలి.

ఇక అసలు శత్రువుల సంగతి. ఎంచి పట్టడం అంటే పందెం. గింజ మీదున్న పీత డెక్క ఎంత గట్టిదైనా, నీళ్లలో అంతకన్నా గట్టి డెక్క తిరుగుతుంటే లోహం దాని వెంటే పోతుంది. ఈడీటీఏ నిర్మాణం చూస్తే నవ్వొస్తుంది: రెండు ఐడీఏలని రెండు కార్బన్ల వంతెనతో కలిపితే ఈడీటీఏ. గింజ మీదున్నది ఒంటిచెయ్యి, నీళ్లలో ఉన్నది రెండు చేతులు. నికెల్‌తో ఈడీటీఏ స్థిరాంకం 18.6, ఐడీఏది 8.1. పీహెచ్ 5 దగ్గర రెండూ బలహీనపడతాయి గానీ గెలిచేవాడు మారడు. ఈడీటీఏతో కట్టుకున్న నికెల్‌కి రుణావేశం కూడా వస్తుంది కాబట్టి గింజ దాన్ని దగ్గరికి కూడా రానివ్వదు. సైనైడ్ అయితే ఇంకా మొండిది, నాలుగు సైనైడ్‌లు చుట్టేసిన నికెల్ స్థిరాంకం 30 పైనే.

ఇవి షెడ్డులోకి ఎక్కణ్నుంచి వస్తాయి? ఎలక్ట్రోలెస్ (కరెంటు లేకుండా పూత వేసే) కాపర్ బాత్‌లో ఈడీటీఏ గానీ రోషెల్ సాల్ట్ గానీ ఉంటుంది. ఎలక్ట్రోలెస్ నికెల్‌లో సిట్రిక్, లాక్టిక్ ఆమ్లాలు. ఆల్కలీ జింక్-నికెల్‌లో అమైన్‌లు. తుప్పు వదిలించే క్లీనర్లలో గ్లూకోనేట్. అమ్మోనియం క్లోరైడ్ జింక్ బాత్‌లో అమ్మోనియా. ఇందులో ఏదీ కొత్త విద్య కాదు. చింతపండుతో ఇత్తడి బిందె తోమితే మెరిసేది ఇందుకే: పులుపు పైపొరని కరిగిస్తుంది, అందులోని టార్టారిక్ ఆమ్లం రాగిని పట్టుకుని నీళ్లతో పాటు తీసుకుపోతుంది. రోషెల్ సాల్ట్ ఆ ఆమ్లపు ఉప్పే. వంటింట్లో మెచ్చుకునే గుణమే ఈటీపీలో తలనొప్పి.

రెజిన్ కొనే ముందు ఒక లీటరు జార్ టెస్ట్ చేస్తే ఈ గొడవ ముందే బయటపడుతుంది. షెడ్డు నుంచి బయటికి పోయే కలిసిన రిన్స్ లీటరు తీసుకుని, కాస్టిక్‌తో పీహెచ్ 10.5కి తెచ్చి, పావుగంట కలిపి, గంట తేరనిచ్చి, ఫిల్టర్ పేపర్‌లో వడకట్టండి. వడకట్టిన నీళ్లని ల్యాబ్‌కి పంపి మొత్తం నికెల్, రాగి చూపించండి. ఒకటి రెండు మిల్లీగ్రాములు వస్తే రెజిన్ కొనొచ్చు. 10, 20 వస్తే, లేదా తేట నీళ్లు ఇంకా నీలంగానో ఆకుపచ్చగానో కనిపిస్తే, ఎవరో లోహాన్ని పట్టుకుని వదలట్లేదని అర్థం. అప్పుడు రెజిన్ కంటే ముందు పైపులు మార్చుకోవాలి. ఆ లైన్ రిన్స్‌ని విడదీసి వేరే ట్యాంకులోకి తిప్పాలి. సైనైడ్ లైన్ అయితే పీహెచ్ 10 పైన హైపోక్లోరైట్‌తో విరగ్గొట్టాలి. యాసిడ్ వైపు పొరపాటున కూడా కలవకూడదు, వచ్చేది ప్రాణం తీసే గ్యాస్.

ఆరు వేలెన్సీల క్రోమియం గురించి అడిగేవాళ్లు చాలామంది. సమాధానం ఒక్కటే: ఇది పట్టదు. నీళ్లలో అది క్రోమేట్‌గా, రుణావేశంతో ఉంటుంది, పైగా గింజల్ని ఆక్సీకరించి పాడు చేస్తుంది. ముందు పీహెచ్ 2, 2.5 దగ్గర సోడియం మెటాబైసల్ఫైట్‌తో మూడు వేలెన్సీలకి దించి, హైడ్రాక్సైడ్‌గా తీసెయ్యాలి. ఆ మూడు వేలెన్సీల క్రోమియం కూడా రెజిన్ దాకా రాకుండా చూసుకోవాలి. దాని చుట్టూ ఉన్న నీటి అణువులు రోజుల తరబడి కదలవు, రాగి చుట్టూ ఉన్నవి సెకనుకి వంద కోట్ల సార్లు మారతాయి. కాబట్టి క్రోమియం గింజలోకి ఆలస్యంగా ఎక్కుతుంది, ఎక్కిందంటే యాసిడ్‌కి కూడా దిగదు. ఫెర్రిక్ ఇనుము అంత మొండిది కాకపోయినా గింజల్ని గోధుమ రంగులోకి తెస్తుంది. యాసిడ్‌లో ఎక్కువసేపు నానబెడితే వదులుతుంది.

రాగి, నికెల్ రెండూ ఉన్న లైన్లలో ఒక విచిత్రం కనిపిస్తుంది. లేత క్రీమ్ రంగు గింజ రాగి ఎక్కితే నీలం, నికెల్ ఎక్కితే ఆకుపచ్చ. పారదర్శక కాలమ్ అయితే పైన నీలం పట్టీ, దాని కింద పచ్చ పట్టీ స్పష్టంగా కనిపిస్తాయి. రోజులు గడిచేకొద్దీ రాగి వచ్చి నికెల్‌ని లేపి కిందికి తోస్తుంది. చివరికి పచ్చ పట్టీ అడుగుకి చేరాక, బయటికొచ్చే నీళ్లలో నికెల్ లోపలికి పోయిన నీళ్లలో కంటే ఎక్కువ వస్తుంది. రిపోర్ట్ చూసి డీలర్ మోసం చేశాడనుకోవడం సహజం. మోసం కాదు, గింజ తన వరసని తు.చ. తప్పకుండా పాటించింది. పచ్చ పట్టీ కిందికి రాకముందే కడిగేస్తే సమస్య లేదు.

నికెల్ జారుతోందో లేదో రోజూ చూసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. కాలమ్ నుంచి వచ్చిన నీళ్లు 5 మిల్లీలీటర్లు పరీక్షనాళికలో తీసుకుని, రెండు మూడు చుక్కల అమ్మోనియా, ఆల్కహాల్‌లో కలిపిన ఒక శాతం డైమిథైల్‌గ్లయాక్సిమ్ కొన్ని చుక్కలు వెయ్యండి. గులాబీ ఎరుపు కనిపిస్తే నికెల్ ఉంది. 1905లో చుగాయెవ్ కనిపెట్టిన పరీక్ష ఇది, ఇదీ ఎంచి పట్టడమే. కాకపోతే సైనైడో ఈడీటీఏనో ఉన్న నీళ్లలో ఎరుపు రాకపోతే సంబరపడొద్దు, వాటి పట్టులో ఉన్న నికెల్ ఈ పరీక్షకి దొరకదు. ల్యాబుల్లోని ఏఏఎస్, ఐసీపీ మెషీన్లు మాత్రం మొత్తం లోహాన్ని లెక్కేస్తాయి. నిబంధనలూ మొత్తాన్నే అడుగుతాయి. నదులు, వాగుల్లోకి వదిలే నీళ్లకి కేంద్ర నిబంధనల్లోని సాధారణ పరిమితి లీటరుకు నికెల్ 3, రాగి 3, జింక్ 5, సీసం 0.1, మొత్తం క్రోమియం 2, ఆరు వేలెన్సీలది 0.1 మిల్లీగ్రాములు. మీ కన్సెంట్‌లో (పొల్యూషన్ బోర్డు ఇచ్చే అనుమతి పత్రంలో) అంతకన్నా గట్టిగా రాసి ఉంటే అదే లెక్క.

కడగడం. 40 లీటర్ల బెడ్‌కి ముందు బ్యాక్‌వాష్, గంటకి 500 లీటర్ల వేగంతో పదిహేను నిమిషాలు, గింజలు పైనుంచి కొట్టుకుపోకుండా చూస్తూ. తర్వాత యాసిడ్: లీటరు రెజిన్‌కి నూరు శాతం లెక్కన 150 గ్రాముల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అంటే మొత్తం 6 కిలోలు. బజారులో దొరికే 30 శాతం యాసిడ్ 20 కిలోలు, దాదాపు పదిహేడున్నర లీటర్లు. దాన్ని 60 లీటర్ల నీళ్లలో పొయ్యండి (నీళ్లని యాసిడ్‌లో కాదు). వచ్చిన ద్రావణాన్ని గంట సేపు తీరికగా పంపాలి. ఆత్రపడి పావుగంటలో పంపితే గింజ లోపలి లోహం లోపలే ఉండిపోతుంది. అదే వేగంతో ఇంకో 80 లీటర్ల నీళ్లు, ఆ తర్వాత మామూలు వేగంతో పీహెచ్ 4 దాటేదాకా.

ఇక్కడితో ఆపి నీళ్లు వదిలేస్తే రెజిన్ యాసిడ్ రూపంలో ఉంటుంది. నికెల్ పట్టిన కొద్దీ హైడ్రోజన్ వదులుతుంది, పీహెచ్ పడిపోతుంది, పట్టు జారుతుంది. కాబట్టి కాస్టిక్ తప్పదు. దాన్నీ మితంగా: 1.6 కిలోల ఫ్లేక్స్ 40 లీటర్ల నీళ్లలో, కింది నుంచి పైకి. కింది నుంచి ఎందుకంటే ఉబ్బే గింజలకి లేవడానికి సందు దొరుకుతుంది. పైనుంచి తోస్తే బెడ్ గడ్డకట్టి వెసెల్ మీద ఒత్తిడి పెరుగుతుంది. 1.6 కిలోలు అంటే సగం చోట్లకే సోడియం. ఇంకా ఎక్కువ పోసి పూర్తిగా సోడియం చేస్తే మొదట్లో వచ్చే నీళ్ల పీహెచ్ 10 దాటి, నికెల్ గింజల మధ్యే హైడ్రాక్సైడ్‌గా గడ్డకడుతుంది. కాస్టిక్ కలిపే నీళ్లు కూడా సాఫ్ట్‌నర్ లేదా ఆర్వో నీళ్లయి ఉండాలి, గట్టి బోరు నీళ్లలో కలిపితే సున్నపు తెల్లపొర బెడ్‌లోనే పడుతుంది. హైడ్రోక్లోరిక్ బదులు చవగ్గా వస్తుందని సల్ఫ్యూరిక్ పోసేవాళ్లున్నారు. బెడ్‌లో కాల్షియం ఉంటే జిప్సం, సీసం ఉంటే లెడ్ సల్ఫేట్, రెండూ కరగవు, గింజలు రాయి కడతాయి.

53 రోజుల్లో వెళ్లిన 2,65,000 లీటర్ల నీళ్లలోని నికెల్ ఇప్పుడు 160 లీటర్ల పచ్చని యాసిడ్‌లో ఉంది. రెజిన్ లోహాన్ని మాయం చెయ్యదు, చోటు తగ్గిస్తుందంతే. ఈ యాసిడ్‌ని రోజుకి కొంచెం చొప్పున ఈటీపీ మొదటి ట్యాంకులోకి వదిలి బురదగా దింపుకోవచ్చు. ఒక్కసారే కుమ్మరిస్తే మీరు ఆపాలనుకున్న లోహమే తిరిగి బెడ్ మీదికి వస్తుంది. బురద, పని అయిపోయిన రెజిన్ రెండూ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి, దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల సైట్‌కి పంపి రసీదు దాచుకోవాలి. చెత్తబండికి ఇవ్వకూడదు.

ప్రత్యామ్నాయాలు కొద్దిగా. పాదరసానికి థయాల్ లేదా థయోయూరియా రెజిన్, గంధకం ఉండాలి. థయాల్‌కి ‘మెర్కాప్టాన్’ అన్న పాత పేరు వచ్చిందే పాదరసాన్ని పట్టేది అన్న అర్థంతో. గాలి, క్లోరిన్ తగిలితే ఆ గంధకాలు ఒకదానితో ఒకటి ముడిపడి పని మానేస్తాయి. బాగా ఆమ్లపు నీళ్లలో నికెల్ కావాలంటే బిస్-పికోలిల్‌అమైన్ రెజిన్ ఉంది, పట్టు మొత్తం నైట్రోజన్‌దే. పీహెచ్ 2 దగ్గర కూడా పడుతుంది, ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది. రాగిని దాని నుంచి యాసిడ్‌తో దింపడం కష్టం, అమ్మోనియా కావాలి. రాగి ఈడీటీఏ పట్టులో ఉంటే డైథయోకార్బమేట్ ద్రవాలు రెజిన్ కంటే బాగా పని చేస్తాయి, రాగిని గోధుమరంగు మడ్డిగా దింపుతాయి. కానీ మోతాదు మించితే మిగిలిన ద్రవమే చేపలకి విషం, యాసిడ్ తగిలితే కార్బన్ డైసల్ఫైడ్ వస్తుంది. ఆర్సెనిక్‌కి వీటిలో ఏదీ కాదు, ఐరన్ ఆక్సైడ్ మీడియా చూసుకోండి.

కొనేటప్పుడు ధర లీటరుకా కిలోకా అని అడగండి. ఈ రెజిన్ తడిగా, లీటరు 700 నుంచి 750 గ్రాముల బరువుతో వస్తుంది. 25 లీటర్ల బస్తా 18 కిలోల చుట్టూ తూగాలి. కిలో ధరని లీటరు ధర అనుకుని పోల్చితే తప్పుతారు. కెపాసిటీ ఏ రూపంలో చెప్పారో కూడా చూడండి, యాసిడ్ రూపం లీటరు, సోడియం రూపం లీటరు ఒకటి కావు.

విప్పిన బస్తా, పేరు లేని డబ్బాలో సరుకు అయితే ఒక పరీక్ష. చెంచాడు రెజిన్, 10 మిల్లీలీటర్లు, అర గ్రాము మైలుతుత్తం కరిగించిన 100 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి అరగంట కలపండి. గింజలు రంగెక్కుతాయి. కడిగి, 20 గ్రాముల ఉప్పు కరిగించిన 100 మిల్లీలీటర్ల నీళ్లలో వెయ్యండి. సాఫ్ట్‌నర్ రెజిన్ అయితే ఉప్పు ముందు నిలబడలేక రాగిని వదిలేస్తుంది, ఉప్పునీళ్లు రంగు తిరుగుతాయి. ఐడీఏ అయితే నీళ్లు తేటగా, గింజలు నీలంగా ఉండిపోతాయి. ఉప్పు సోడియానికి ఈ గింజ దగ్గర విలువ లేదు.

బస్తాని రేకుల షెడ్డు కింద మే నెల ఎండకి వదిలెయ్యొద్దు. 40 డిగ్రీల లోపు నీడలో, మూతి కట్టి ఉంచాలి. ఎండిపోయిన గింజల మీద నేరుగా మంచినీళ్లు పోస్తే ఒక్కసారిగా ఉబ్బి పగులుతాయి. ముందు పది శాతం ఉప్పునీళ్లలో కొన్ని గంటలు నానబెట్టి, ఉప్పుని విడతలుగా పలచన చేసుకుంటూ పోవాలి.